కర్నూలు కోసం అన్ని క్రైస్తవ సంఘాలవాళ్లం ఒకచోట మోకరించాలంటే

నేను కర్నూలు పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, బాప్టిస్టు సంఘం మనిషిని. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి ఊరి మీదికి వచ్చినపుడు మేమంతా ఒక మిద్దె మీద నిలబడినాం. పక్కన ఒకామె జపమాల తిప్పుతా ఉండె. ఇంకొకాయన అన్యభాషల్లో, అంటే ఆత్మ పలికిస్తుందని నమ్మే మాటల్లో, ప్రార్థన చేస్తుండె. నీళ్లు దిగినాక ఎవరి గుడికి వాళ్లం పోయినాం. అది నన్ను చానా ఏండ్లు నెమ్మదిగా ఉండనియ్యలేదు. ఇప్పుడు నెలకొకసారి అన్ని సంఘాలవాళ్లం ఊరి కోసం ప్రార్థనకు కూడుతున్నాం. మీరూ మొదలుపెట్టాలనుకుంటే, మేము నేర్చుకున్నది ఇది.

ముందు పెద్దల దగ్గరికి కాళ్లతో నడిచిపోండి. వాట్సాప్‌లో పిలిస్తే ఎవరూ రారు. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) ఫాదర్ దగ్గరికైనా, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) అయ్యగారి దగ్గరికైనా, పెంతెకొస్తు పాస్టరు గారి దగ్గరికైనా వేర్వేరు సంఘాలవాళ్లు ఇద్దరు కలిసి పోవాలి. "మీ విశ్వాసులను మా వైపు లాక్కోం" అని మొదటి మాటగా చెప్పండి. అందరి మనసులో ఉండే భయం అదే.

ఆదివారం ఎవరికీ కుదరదు. శుక్రవారం చానా చోట్ల ఉపవాస ప్రార్థనలు. ఆ సాయంత్రం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా అడ్వెంటిస్టులకు విశ్రాంతిదినం. మేము మంగళవారం సాయంత్రం గంటసేపు పెట్టుకున్నాం. మొదటి కూడికకు జనవరి 18 నుంచి 25 వరకు జరిగే క్రైస్తవ ఐక్యతా ప్రార్థనా వారం మంచి అదను, సంక్రాంతి పనులు కూడా అయిపోయుంటాయి. ఏ గుడిలోనూ వద్దు, ఒక ఇంటి వరండా చాలు.

ఇక చిక్కంతా పరలోక ప్రార్థన, అంటే యేసు నేర్పిన ప్రార్థన, దగ్గర వస్తుంది. ఆర్‌సీఎం వాళ్లు దేవుణ్ణి "మీరు" అంటారు, మేము "నీవు" అంటాం. చివర "రాజ్యము, బలము, మహిమ" దగ్గరికి మేము వచ్చేసరికి వాళ్లు ఆగిపోయి ఉంటారు. మొదటిసారి మా గొంతులే మిగిలినపుడు వాళ్ల ముఖాలు చూసి నాకు కడుపులో దేవినట్లయింది. అందుకని ఒక నెల వాళ్ల మాటల్లో, ఒక నెల మా మాటల్లో, కాగితం చేతిలో పెట్టుకుని చెప్తున్నాం. ఇంకొకరి మాటల్లో అదే తండ్రిని పిలవడం నాకైతే పెద్ద భాగ్యమనిపించింది.

ప్రభురాత్రి భోజనం, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన, మాత్రం పెట్టకండి. 1919లో తమిళనాడు తరంగంబాడిలో సంఘాలను కలపాలని మొదలైన మాటలు సీఎస్‌ఐగా తేలడానికి 1947 సెప్టెంబరు 27 దాకా పట్టింది. మన నంద్యాల వైపు చానామంది అప్పుడూ వెంటనే చేరలేదు. మనం ఒక సాయంత్రంలో తేల్చేది కాదు.

పెంతెకొస్తువాళ్లు అందరూ ఒకేసారి గొంతెత్తుతారు, ఆర్‌సీఎం వాళ్లకు మౌనం అలవాటు. అయిదు నిమిషాలు మౌనం, అయిదు నిమిషాలు అందరూ గట్టిగా, తర్వాత ఒక్కొక్కరు రెండేసి నిమిషాలు. ఇది ముందే చెప్పేయండి. మా మొదటి కూడికలో ఒకాయన నలభై నిమిషాలు చేస్తే సగంమంది లేచిపోయినారు.

దేనికోసం ప్రార్థించాలో మాత్రం మొత్తంగా "ఊరిని దీవించు" అని వదిలేయకండి. ఎవరి పని నుంచి వాళ్లు ఒక్కొక్క అంశం తేవాలి. నేను ఆసుపత్రి వరండాలో పడుకునే రోగుల బంధువుల సంగతి తెస్తాను. ఒక టీచరమ్మ, ఆదోని, కోసిగి నుంచి సుగ్గికి, అంటే కూలిపనులకు వలస, పోయే తల్లిదండ్రుల వెంట బడి మానేసే పిల్లల గురించి తెస్తుంది. పాతబస్తీ ముస్లిం అంగళ్లవాళ్ల కోసం, హంద్రి గట్టున గుడిసెల్లో ఉండేవాళ్ల కోసం పేర్లు పెట్టి ప్రార్థిస్తాం. బైబిల్లో యిర్మీయా 29:7లో చెరలో ఉన్న యూదులకు దేవుడు చెప్పింది బబులోను క్షేమం కోరమని, అది వాళ్ల మతం ఊరు కాదు. ఎవరినీ ఓడించమని అడిగే ప్రార్థన మా దగ్గర లేదు.

అంశాలన్నీ ఒక నోటుపుస్తకంలో రాస్తాం. మరుసటి నెల ముందుగా అదే చదివి, ఏమైందో, ఎవరు పోయి చూసి వచ్చినారో చెప్పుకుంటాం. పుస్తకం నెలకొక సంఘంవాళ్ల ఇంటికి పోతుంది. ఈ నెల ఆ జపమాల ఆమె దగ్గర ఉంది.