ఈ రోజుల్లో స్థలం కొనేవాళ్లకు ఒక దస్తావేజు లేఖరి చెప్పేది

గుంటూరులో దస్తావేజులు రాయడం నా వృత్తి. "బాబాయ్, ఇప్పుడు కొనొచ్చా? రేటు పెరుగుతుందా?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. అది తెలిస్తే నేను ఇంకా ఈ బల్ల దగ్గర స్టాంపు పేపర్లతో ఎందుకుంటాను? నాకు తెలిసింది వేరే. కొనేవాళ్లూ, గత్యంతరం లేక అమ్మేవాళ్లూ నా దగ్గరికే వస్తారు కాబట్టి, ఎవరు ఎందుకు నష్టపోయారో దగ్గర నుంచి చూశాను. ఎక్కువమంది తప్పు స్థలం కొని నష్టపోలేదు. కొన్నాక ఆగలేక నష్టపోయారు.

అమరావతి సంగతే చూడండి. 2015 అక్టోబరులో శంకుస్థాపన అయ్యేసరికి తుళ్లూరు, మందడం వైపు కార్లు బారులు తీరాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాడు కనపడకుండా పోయాడు. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు, 2024 జూన్‌లో ప్రభుత్వం మార్పు, 2025 మేలో మళ్లీ పనులు మొదలు. సొంత డబ్బుతో కొన్నవాళ్లు ఆ మధ్యకాలమంతా తిట్టుకుంటూనైనా ఉంచుకున్నారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాళ్ల సంగతి లెక్క వేయండి: 10 లక్షలకు ఏడాదికి 2 లక్షల 40 వేలు, నాలుగేళ్లకు దాదాపు అసలంత. స్థలం మంచిదే, దాన్ని ఉంచుకునే ఓపిక జేబుకి లేదు.

అందుకని స్థలం చూడ్డానికి వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని ఒక కాగితం తీసుకోండి. ఉద్యోగం పోయినా, వ్యాపారం పడుకున్నా ఇల్లు ఏడాది నడవడానికి ఎంత కావాలో రాసి, ఆ డబ్బు పక్కన పెట్టేయండి. అమ్మాయి పెళ్లి, అబ్బాయి ఫీజు రెండు మూడేళ్లలో ఉంటే ఆ డబ్బూ ముట్టుకోవద్దు. మిగిలిందే పెట్టుబడి. బ్యాంకు లోను తీసుకుంటే వడ్డీ ఇప్పుడున్న చోటే ఉంటుందనుకోవద్దు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపే రిజర్వు బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) 4 శాతం నుంచి 6.5కి వెళ్లింది. 30 లక్షలు, 20 ఏళ్లు అనుకుంటే 7 శాతానికి ఈఎంఐ సుమారు 23,260, అదే 9.5 శాతానికి సుమారు 27,960. రెండో అంకె కట్టగలరా అని చూసుకోండి. మొదటిది చూసి సంతకం పెట్టొద్దు. ఖాళీ స్థలానికైతే అప్పే వద్దంటాను, అది నెలకు రూపాయి తెచ్చిపెట్టదు.

ఇక ఏది కొనాలి? రేపు ఏదో వస్తుందని చెప్పే చోటు కంటే, ఇవాళ మనుషులు ఉంటున్న చోటు చూడండి. గోరంట్ల, విద్యానగర్, ఇటు మంగళగిరి, అటు విజయవాడలో పటమట, కానూరు లాంటివి. మార్కెట్ బాగాలేకపోయినా అక్కడ అద్దెకుండేవాళ్లు ఉంటారు, అవసరానికి అమ్ముదామంటే అడిగేవాళ్లుంటారు. బైపాస్ పక్క వెంచర్‌లో రంగు జెండాలు, బిర్యానీ భోజనం, ఏసీ బస్సు ఉంటాయి. సాయంత్రం ఆరు తర్వాత అక్కడ దీపం వెలిగే ఇల్లు ఎన్ని ఉన్నాయో మీరే వెళ్లి చూడండి. అద్దె లెక్క మాత్రం మీడియేటర్ని అడగొద్దు, పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడగండి. 60 లక్షల ఫ్లాటుకి 15 వేల అద్దె వస్తే ఏడాదికి మూడు శాతం. అందులోంచి ఇంటి పన్ను, రిపేర్లు, ఖాళీగా ఉండే నెలలు పోతాయి. ఇది చూసి కూడా కొంటానంటే కొనండి, కనీసం తెలిసి కొన్నట్టవుతుంది.

నీళ్లు మర్చిపోవద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. విజయవాడలో ఎక్కడ చూసినా ఆ వీధిలో పాలవాడినో, కిరాణా కొట్టాయన్నో అడగండి, గోడ మీద గుర్తు చూపిస్తాడు.

కాగితాల దగ్గర మాత్రం నేను కాస్త ఎక్కువే మాట్లాడతాను. మొన్న ఒక కుర్రాడు "ఈసీ క్లియర్‌గా ఉందండీ" అంటూ వచ్చాడు. ఈసీ అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం. ఎన్నేళ్లకి తీశావు నాయనా అంటే పదమూడేళ్లకి అన్నాడు. ముప్పై ఏళ్లకి తీయించండి. ఈసీలో వచ్చేది రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టర్ చేయని వీలునామా, కాగితాలు ఎవరి దగ్గరో పెట్టి తెచ్చిన చేబదులు అందులో కనపడకపోవచ్చు. అందుకే జిరాక్సులతో సరిపెట్టుకోకుండా ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు, చేత్తో పట్టుకుని చూడాలి. ఒరిజినల్ పోయిందంటే అక్కడే ఆగిపోండి. పొలం నుంచి వచ్చిన స్థలమైతే సర్వే నంబరుతో అడంగల్, 1బి (పొలం ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డులు) చూసి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితాలో ఉందేమో కనుక్కోండి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి చౌకగా వస్తుంది. 1977 చట్టం ప్రకారం దాని బదిలీకే అడ్డు ఉంది కాబట్టి చౌక.

గొడవలు ఎక్కువగా వచ్చేది ఆడపిల్లల సంతకాల దగ్గర. పిత్రార్జితం అయితే అన్నదమ్ములు ముగ్గురూ వచ్చి సంతకాలు పెడతారు, "చెల్లికి కట్నం ఇచ్చేశాంలెండి" అంటారు. మన రాష్ట్రంలో 1985లోనే పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది, 2005 సవరణతో పెళ్లయిన కూతుళ్లకూ వచ్చింది. ఆ చెల్లెలు అమెరికాలో ఉన్నా సరే, ఆవిడ సంతకం లేకుండా డబ్బు కదపొద్దు. జీపీఏ (యజమాని తరఫున అమ్మేందుకిచ్చే అధికారపత్రం) మీద అమ్ముతామనే వాళ్లతో ఇంకా జాగ్రత్త. ఉత్త జీపీఏతో హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

కొత్త ప్రాజెక్టు అయితే రెరా (స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ) నంబరు అడగండి. బిల్డరు కొనేవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలి, రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. ప్రాజెక్టు రెరాలో రిజిస్టర్ కాకముందే చెప్పే "ప్రీ లాంచ్ రేటు" అంటే ఈ రెండూ తప్పించుకునే దారి అని నా అభిప్రాయం. రోజులు బాగాలేనప్పుడు ముందు ఆగిపోయేవి ఇలాంటివే.

బయానా (అడ్వాన్సు) తక్కువ ఇవ్వండి, గడువు ఎక్కువ పెట్టించండి. అగ్రిమెంటులో ఒక వాక్యం నేను బతిమాలైనా రాయిస్తాను: లోను మంజూరు కాకపోయినా, టైటిల్‌లో లోపం తేలినా బయానా ఇన్ని రోజుల్లో వాపసు. అమ్మేవాడు మొహం మాడుస్తాడు. కొనేవాళ్లు తక్కువున్నప్పుడు ఒప్పుకుంటాడు కూడా.

ఖర్చులకి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మనకి 7.5 శాతం. 40 లక్షలకి 3 లక్షలు. అంటే కొన్న మరుసటి ఏడాదే అమ్మితే, నష్టం రాకుండా ఉండాలన్నా రేటు కనీసం అంత పెరగాలి. కొంత బ్లాకులో ఇవ్వమంటారు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం, అది అలా ఉంచినా దెబ్బ మీకే. రేపు మీ దగ్గర కొనేవాడు లోనుతో వస్తే మొత్తం వైట్లో వస్తుంది. మీరు కొన్న రేటు కాగితం మీద తక్కువగా ఉంటుంది కాబట్టి లేని లాభానికి పన్ను కడతారు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాడి తరఫున ముందే కోసే పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టడం కొనేవాడి పని, ఆడిటర్‌కి ముందే చెప్పండి.

రిజిస్ట్రేషన్ అయిపోయిందని స్వీట్లు పంచి ఊరుకోవద్దు. ఆ నెలలోనే రికార్డుల్లో పేరు మార్పుకి, అంటే మ్యుటేషన్‌కి పెట్టండి, ఖాళీ స్థలం పన్ను మీ పేరు మీద కట్టి రసీదు దాచండి. సర్వేయర్‌తో కొలిపించి, పక్క స్థలాలవాళ్ల ఎదుటే హద్దు రాళ్లు వేయించండి. వాళ్లకి మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి. కంచె పాతే మనిషొస్తే ముందు ఫోన్ చేసేది వాళ్లే.