బురద నేలలో పావురాల గూడుకు పునాది ఎలా వేయాలి?

పాతబస్తీలో పావురాలు పెంచేవాళ్లకు పునాది గురించి ఆలోచించే అవసరమే రాదు. డాబా ఉంటుంది, డాబా మీద గూడు ఉంటుంది. నా గిరెబాజ్ జాతి జంటలు కూడా అలా ఒక డాబా మీదే పెరిగాయి. ఇల్లు మారి, ఊరి చివర చెరువు కట్టకు దిగువన ఉన్న ప్లాట్‌కు వచ్చాక మొదటిసారి నేల మీద గూడు కట్టాల్సి వచ్చింది.

మే నెలలో చూస్తే నేల రాయిలా ఉంది. నాలుగు అంగుళాల కాంక్రీట్ దిమ్మె పోయించి, దాని మీద రేకుల షెడ్డు నిలబెట్టాను. ఆగస్టు వచ్చేసరికి ఒక మూల అంగుళంన్నర పైకి లేచింది. దిగలేదు, లేచింది! తలుపు పట్టేసింది. దిమ్మె మధ్యలో పగులు పడి, ఆ పగుల్లోంచి చెమ్మ లోపలికి ఊరడం మొదలైంది. చూడటానికి వచ్చిన మేస్త్రీ ఒకటే మాటన్నాడు: "నీళ్లకు తొవ్వ ఇయ్యకుండ దిమ్మె కట్టినవ్ సార్, అది పడవ అయింది."

రెండోసారి ఆయన చెప్పినట్టే చేశాం. నీళ్లను ఆపాలని చూడలేదు. వాటి దారి వాటికిచ్చి, గూడును ఆరు రాతి కడీల (స్తంభాల) మీదికి ఎత్తాం. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. కొలతలన్నీ 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గూడుకు. 12 జంటలకు అది హాయిగా సరిపోతుంది.

గూడు బరువు అసలు సమస్య కాదు

చాలామంది టెన్షన్ పడేది బరువు గురించే. లెక్క వేసి చూడండి. ఇనుప ఫ్రేము, రేకులు, జాలీ, గూళ్ల అరలు, లోపల ఊడ్చే మనిషి, అన్నీ కలిపినా సుమారు 600 కిలోలు. ఆరు కడీలకు పంచితే ఒక్కోదానికి 100 కిలోలు. గుంత అడుగున రెండడుగుల చదరం ఉంటే, ఆ బరువు నేల మీద పడే ఒత్తిడి మనిషి నిలబడితే పాదాల కింద పడేదానికన్నా బాగా తక్కువ.

గూడును పాడుచేసేవి వేరే. మొదటిది, నల్లరేగడి కదలిక. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. అదీ అన్ని మూలలా ఒకేసారి జరగదు. చినుకులు మొదలవగానే దిమ్మె అంచుల కింద మట్టి ముందు తడుస్తుంది, మధ్యలో పొడిగానే ఉంటుంది. నా షెడ్డు మూల లేచింది అందుకే. రెండోది గాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వచ్చే ఈదురుగాలికి తేలికపాటి రేకుల గూడు కూలడం కాదు, ఎగురుతుంది. అంటే ఈ పునాది గూడును మోయడమే కాదు, పట్టుకుని ఉంచాలి కూడా.

మూడోది చెమ్మ. పావురాలు చలిని బాగానే ఓర్చుకుంటాయి, చెమ్మను ఓర్చుకోలేవు. కాక్సిడియా అనే పేగు పరాన్నజీవి తడి రెట్టలోనే బలం పుంజుకుంటుంది. చెమ్మ తగిలిన జొన్నలకు, సజ్జలకు బూజు పడుతుంది, ఆ బూజు పక్షుల ఊపిరితిత్తులకు చేటు. నేలకు ఆనించి గూడు కట్టవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఆగస్టులో చూడండి, ఏప్రిల్‌లో కట్టండి

స్థలం ఎంచుకోవడం వానల్లో, పని చేయడం ఎండల్లో. ఆగస్టు, సెప్టెంబరుల్లో పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లి నీళ్లు ఎక్కడ నిలిచాయో చూసి, నిలిచిన ఎత్తును గోడ మీదో చెట్టు మీదో పెయింట్‌తో గీయండి. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరద చూసిన కాలనీ అయితే, అప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో పక్కింటివాళ్లను అడగండి. గూడు అడుగుభాగం ఆ గీతకు కనీసం ఒక అడుగు పైన ఉండాలి. గీత మరీ ఎత్తుగా ఉంటే ఆ మూల వదిలేసి ఇంకో చోటు చూసుకోవడమే మంచిది.

ఇంకో మాట. స్థలం చెరువు ఎఫ్‌టీఎల్‌లో (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దులో) గానీ, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ జోన్‌లో గానీ ఉంటే, గూడే కదా అని మొదలుపెట్టకండి. పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువుకు 30 మీటర్ల బఫర్ ఉంది. ముందు పటం చూసుకోండి.

మట్టి ఏ రకమో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. రెండడుగులు తవ్వి, గుప్పెడు మట్టిని తడిపి అరచేతుల మధ్య పాముకోండి. సన్నటి తాడులా తెగకుండా సాగితే బంకమట్టి, రేగడి. తాడు కాకుండా పొడిపొడిగా విరిగిపోతే మొరం లేదా ఇసుక కలిసిన మట్టి. హైదరాబాద్‌లో చాలాచోట్ల పైన మొరం, కింద గ్రానైట్ బండ ఉంటాయి కాబట్టి అదృష్టముంటే మూడడుగుల లోపే గట్టి మొరం తగులుతుంది. చెరువు కిందా, మూసీ పక్క గడ్డి పెంచే నేలల్లోనూ ఆ అదృష్టం తక్కువ.

ముందు నీళ్లకు దారి

గుంతల జోలికి వెళ్లేముందు ఈ పని చేయాలి. గూడు వచ్చే చోటికి ఎగువ వైపున, నాలుగడుగుల దూరంలో, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కాలువ తవ్వండి. అది గూడును అర్ధచంద్రంలా చుట్టి రెండు వైపులా దిగువకు పోవాలి. ప్రతి పది అడుగులకు అంగుళంన్నర వాలు ఉంటే చాలు. వాలు కంటితో చూసి నమ్మకండి, నీళ్లు నింపిన లెవెల్ ట్యూబ్‌తో కొలవండి.

కాలువలో జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపేది) పరిచి, రెండంగుళాలు 40 ఎం.ఎం. కంకర వేసి, దాని మీద బెజ్జాలు పెట్టిన 4 అంగుళాల పీవీసీ పైపు పడుకోబెట్టాలి. బెజ్జాలు కింది వైపుకే ఉండాలి. ఊరే నీరు కింద నుంచి లోపలికి ఎక్కుతుంది, బురద పై నుంచి పడదు. పైన మళ్లీ కంకర నింపి గుడ్డ మడిచేయండి. గుడ్డ ఖర్చు మిగుల్చుకుందామని సిమెంట్ సంచులు పరిస్తే రెండు వానలకే బంకమట్టి పట్టి మూసుకుపోతాయి. నేను ఒక వైపు అలా చేసి మళ్లీ తవ్వించాను.

ఆ నీళ్లు ఎక్కడికి పంపాలి? ఇంకుడు గుంతకు అని వెంటనే అంటారు. పొడి నేలలో అది మంచిదే. బురద నేలలో మాత్రం ఆగస్టు నాటికి ఇంకుడు గుంతే నిండి ఉంటుంది, తాను ఇంకించుకోలేని నీళ్లు మీవి ఎలా తీసుకుంటుంది? ప్లాట్‌లో పల్లంగా ఉన్న మూలకో, రోడ్డు పక్క వరద కాలువకో కలపండి. డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకీ పక్కవాళ్ల గోడ కిందకీ మాత్రం వద్దు.

కొలత, గుంతలు

8, 6 అడుగుల కొలతలో ఒక సౌకర్యం ఉంది. మూలలు సరిగ్గా మూలమట్టానికి ఉంటే ఎదురెదురు మూలల మధ్య దూరం కచ్చితంగా 10 అడుగులు వస్తుంది. నాలుగు మేకులు కొట్టి దారం కట్టి, రెండు ఐమూలలూ కొలవండి. రెండూ పది వస్తేనే ముందుకు. పొడవు వైపుల మధ్యలో ఒక్కో మేకు కలిపితే ఆరు కడీల చోట్లు తేలిపోతాయి.

ఒక్కో చోట రెండడుగుల చదరం, మూడడుగుల లోతు గుంత తవ్వాలి. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా. గుంత అడుగున జారుడు బురద ఉంటే పారతో పూర్తిగా తీసేయండి. ఊట వస్తుంటే బకెట్‌తో తోడుతూనే ఉండాలి. అడుగు మెత్తగా ఉంటే పిడికిలంత రాళ్లు వేసి గడ్డపార మొనతో గుచ్చుతూ, దిమ్మిసతో కొడుతూ, ఇక రాయి దిగనంతవరకు దించండి. మా మూడో గుంత రెండు తట్టల రాళ్లు మింగింది. నాలుగో గుంత అరతట్టకే గట్టిపడింది. ఒకే ప్లాట్‌లో పక్కపక్క గుంతలు ఇంత తేడాగా ఉంటాయి కాబట్టి అన్నింటికీ ఒకే లెక్క అనుకోకండి.

ఆ పైన ఆరంగుళాల కంకర వేసి కొట్టండి. దాని మీద నాలుగు అంగుళాల పీసీసీ (ఇనుము లేని ఉత్త కాంక్రీట్), ఒక వంతు సిమెంట్‌కు నాలుగు వంతుల ఇసుక, ఎనిమిది వంతుల కంకర. రోబో ఇసుక అయినా పర్లేదు. మాలు గట్టిగా కలపాలి. గుంతలో నీళ్లుండగా పోస్తే సిమెంటంతా కొట్టుకుపోయి ఉత్త కంకరే మిగులుతుంది.

రేగడిలో సున్నం కలిపితే ఉబ్బు తగ్గుతుంది, రోడ్ల పనుల్లో ఆ పద్ధతి వాడతారు. ఆరు గుంతల కోసం దాని జోలికి వెళ్లడం దండగ. పెద్ద ఇళ్లకు వేసే, కింద ఉబ్బెత్తుగా ఉండే లోతైన కాంక్రీట్ స్తంభాలు, అంటే అండర్‌రీమ్డ్ పైల్స్ కూడా పావురాలకు అక్కర్లేదు.

కడీలు నిలబెట్టడం

కంచెలకు వాడే గ్రానైట్ కడీలు ఊరి శివార్లలో రాళ్లు కొట్టేచోట దొరుకుతాయి. ఐదడుగులవి తీసుకోండి. రెండడుగులు లోపలికి పోగా దాదాపు మూడడుగులు పైకి ఉంటాయి. ఇనుప స్తంభం బురదలో నేలమట్టం దగ్గరే తుప్పు పడుతుంది, కర్రకు చెదలు పడుతుంది. కడీకి ఆ రెండు బాధలూ లేవు. బోల్ట్ పట్టేలా పై కొనలో బెజ్జం అక్కడే వేయించండి. ఇంటి దగ్గర డ్రిల్లింగ్ మిషన్‌తో కుస్తీ పట్టడం నా వల్ల కాలేదు.

ఒక్కో కడీ 60 కిలోల దాకా ఉంటుంది, ఇద్దరు పట్టాల్సిందే. పీసీసీ వేసిన మర్నాడు కడీ దించి, తూకం గుండుతో నిటారుగా చూసి, కర్రల ఆసరా కట్టండి. చుట్టూ కాంక్రీట్ ఒకటి, రెండు, నాలుగు పాళ్లలో. కాంక్రీట్ కింద వెడల్పుగా, పైకి వచ్చేకొద్దీ సన్నగా ఉండాలి. చాలామంది మేస్త్రీలు పైన పుట్టగొడుగులా వెడల్పు చేసి నున్నగా పూస్తారు, చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ ఉబ్బే రేగడి ఆ గొడుగు కిందికి చేరి కడీని మొత్తంగా పైకి లేపుతుంది. గంట ఆకారమైతే మట్టి దాన్ని కిందికే నొక్కి పట్టుకుంటుంది. ఈదురుగాలికి కూడా అదే లంగరు. ఒక్కో గుంతలో కాంక్రీట్, కడీ కలిపి 200 కిలోలకు పైనే ఉంటాయి.

మిగిలిన ఖాళీలో తవ్విన రేగడిని తిరిగి పోయకండి. మొరం తెచ్చి, ఆరంగుళాలకోసారి దిమ్మిస కొడుతూ నింపండి. పైభాగం కడీ నుంచి బయటికి వాలుగా ఉండాలి, లేకపోతే గుంత నీళ్ల తొట్టి అవుతుంది. మొత్తం మీద నాలుగు బస్తాల సిమెంట్ సరిపోతుంది. వారం రోజులు తడుపుతూ ఉండండి, పది రోజుల దాకా ఫ్రేము ఎక్కించకండి.

ఫ్రేము, అడుగుభాగం

కడీల కొనలన్నీ ఒకే ఎత్తులో రావు, రానక్కర్లేదు. లెవెల్ ట్యూబ్‌తో అన్నిటికన్నా ఎత్తైన కడీ ఏదో చూసి, మిగతావాటి మీద ఇనుప ప్లేట్లు పేర్చి ఆ ఎత్తుకు తీసుకురండి. రెడ్ ఆక్సైడ్ పూసిన 2 అంగుళాల చదరపు పైపుతో చేసిన ఫ్రేమును వాటి మీద ఉంచి, క్లాంపులతో, 12 ఎం.ఎం. బోల్ట్‌లతో బిగించాలి. వెల్డింగ్ చేసి శాశ్వతంగా అతికించేయకండి. రేపు ఒక కడీ దిగితే బోల్ట్ వదులు చేసి ఇంకో ప్లేటు పెట్టుకోవచ్చు.

గూడు కింద నేలపై మొరం కొట్టి, షాబాద్ బండలు వాలుగా పరిచేయండి. గూడు అడుగుభాగానికి చెక్కలు సందులిచ్చి కొడితే రెట్టలు బండల మీద పడతాయి, రోజూ ఊడ్చుకోవచ్చు. ఊడ్చేటప్పుడు ముక్కుకు మాస్క్ కట్టుకోండి, ఎండిన రెట్ట దుమ్ము మన ఊపిరితిత్తులకు మంచిది కాదు. బురదలో పడి నానే రెట్ట వాసనకు పక్కింటివాళ్లు ఎంతసేపు ఊరుకుంటారో మీకే తెలుసు.

పిల్లులు, పందికొక్కులు కడీ పట్టుకుని ఎక్కకుండా, ఒక్కోదానికి నేలకు రెండడుగుల పైన రేకు గరాటు బోర్లించి బిగించండి. నైరుతి వానలు ఎక్కువగా కొట్టేది పడమర, నైరుతి వైపుల నుంచే కాబట్టి అటు రేకు మూసి, జాలీ ముఖం తూర్పుకు పెడితే ఉదయపు ఎండ లోపలికి వస్తుంది.

మొదటి వానాకాలం గడిచాక, దసరా సెలవుల్లో, లెవెల్ ట్యూబ్ మళ్లీ తీయండి. ఏ కడీ ఎంత దిగిందో, ఎంత లేచిందో తెలుస్తుంది. దిగిన చోట బోల్ట్ వదులు చేసి, ఫ్రేము కింద కారు జాకీ పెట్టి కొంచెం ఎత్తి, 3 ఎం.ఎం. ప్లేటు తోయండి. పావురాలను బయటికి తీయనక్కర్లేదు, పావుగంట పని. మా మూడో కడీ మీద ఇప్పటికి రెండు ప్లేట్లు పడ్డాయి.