రిటైరయ్యాక ఏడాది, రెండేళ్ళు నడిచిన కారు కొనేటప్పుడు

ఏడాది, రెండేళ్ళు నడిచిన కారులో ఇంజన్ పాడై ఉండే అవకాశం తక్కువ. అయినా చాలామంది బానెట్ ఎత్తి, ఆయిల్ చూసి, తృప్తిపడి వచ్చేస్తారు. తేల్చుకోవాల్సినవి వేరే రెండున్నాయి. ఇంత త్వరగా ఎందుకు అమ్ముతున్నారన్నది ఒకటి. ఇంకో పదేళ్ళపాటు మీ మోకాళ్ళు, నడుము, మెడ దీంతో సర్దుకుపోతాయా అన్నది రెండోది.

రెండోదాంతోనే మొదలుపెట్టండి. ఏ మోడల్ కొనాలో తేలేది అక్కడే. సీటు ఎత్తు దాదాపు మీ పిరుదుల ఎత్తులో ఉండాలి. కూర్చోవడానికి కూలబడాల్సి వచ్చినా, కాలెత్తి ఎక్కాల్సి వచ్చినా ఆ మోడల్ వదిలేయండి. తలుపు బార్లా తీయకుండా, పక్కన ఇంకో కారు ఆపి ఉంటే ఎంత తీయగలమో అంతే తీసి ఐదారుసార్లు ఎక్కి దిగండి. మొదటిసారి అందరికీ సుఖంగానే ఉంటుంది, మోకాలు సంగతి తెలిసేది ఐదోసారికి.

పెడల్ పూర్తిగా తొక్కగలిగేలా సీటు జరుపుకున్నాక, రొమ్ము ఎముకకీ స్టీరింగ్ మధ్యభాగానికీ కనీసం 25 సెంటీమీటర్ల దూరం మిగలాలి. అంతకన్నా దగ్గరగా కూర్చుంటే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నప్పుడు దానివల్లే గాయం కావచ్చు. పొట్టిగా ఉన్నవాళ్ళు స్టీరింగ్ ముందుకీ వెనక్కీ కూడా జరిగే మోడల్ చూసుకోవాలి. మెడ తిరగడం కష్టమైతే వెనక కెమెరాతో పాటు పక్కనుంచి వచ్చే బండిని అద్దంలో లైటుతో చూపించే సౌకర్యం కూడా ఉన్నది ఎంచుకోండి. ఏసీ తగ్గించడానికి కూడా తెరమీద వెతుక్కోవాల్సిన కార్లు షోరూములో ముచ్చటగానే ఉంటాయి, రోడ్డుమీదే చిరాకు. టెస్ట్ డ్రైవ్ ఒకటి చీకటిపడ్డాక చేయండి. ఇంట్లో ఇద్దరు నడిపేవాళ్ళుంటే ఇద్దరూ నడపాలి.

రోజుకి నాలుగైదు కిలోమీటర్లే తిరిగేవాళ్ళకి డీజిల్ వద్దు. పొగగొట్టంలోని మసి ఫిల్టర్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేడిమీద నడవాలి. అది జరగకపోతే ఫిల్టర్ పూడుకుపోతుంది, మార్చడం ఖరీదైన పని.

ఇక అమ్మకం సంగతి. యజమాని మాటకన్నా బండి చెప్పేదే నమ్మండి. టైరు పక్కగోడమీద ఉండే కోడ్ చివర నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 1523 అంటే 2023లో 15వ వారంలో తయారైందని. పదిపన్నెండు వేల కిలోమీటర్లే తిరిగిన బండికి కంపెనీ వేసిన టైర్లే ఉండాలి, నాలుగింటి తేదీలూ దగ్గరదగ్గరగా ఉండాలి. బండికన్నా కొత్త టైరు కనిపిస్తే మీటరు వెనక్కి తిప్పారేమో, గుద్దుకుందేమో అడగాలి. బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నబడి, సీటు అంచు నలిగి ఉంటే మీటరు లెక్క అబద్ధం కావచ్చు.

ముందు ఫెండర్లను (చక్రాలమీది రేకులను), బానెట్ కీళ్ళను బిగించే బోల్టుల తలలు టార్చి వేసి చూడండి. కంపెనీ పెయింటు బోల్టుమీద, దాని చుట్టూ ఒకే పొరలా ఉంటుంది. మూలల్లో పెయింటు చిట్లి ఇనుము మెరుస్తుంటే ఆ భాగం ఎప్పుడో ఊడదీశారన్నమాట. పెయింటు మందం కొలిచే పరికరం దొరికితే ఇంకా మంచిది. కంపెనీ పెయింటు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్లుంటుంది. ఒక తలుపు 120, పక్క తలుపు 300 చూపిస్తే రెండోదానికి మళ్ళీ పెయింటు వేశారు. వెయ్యి దాటితే కింద పుట్టీ ఉంది. ప్లాస్టిక్ బంపర్‌మీద మాత్రం ఈ పరికరం పనిచేయదు. చిన్న గీతకి వేసిన టచప్ చూసి బేరం వదులుకోనక్కర్లేదు. భయపడాల్సింది లోపలి ఫ్రేము వంగి ఉంటే.

వరదనీళ్ళలో మునిగిన బండి అసలే వద్దు, వైరింగు నెలల తరబడి ఒక్కొక్కటిగా చెడుతుంది. సీటుబెల్టు చివరికంటా లాగి బురద చార కోసం చూడండి. స్టెప్నీ గుంట, సీటు కింది పట్టాల తుప్పు, కార్పెట్ అడుగు తేమ కూడా పరీక్షించండి. లోపల సెంటు వాసన గుప్పుమంటే అనుమానించండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. వెళ్ళగానే బానెట్‌మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే పేలిన ఎయిర్‌బ్యాగును మార్చకుండా లైటు తీసేసి ఉండొచ్చు. బండి కంప్యూటర్‌కి తగిలించి లోపాలు చదివే ఓబీడీ స్కానర్‌లో లోపాల కోడ్లు లేకపోయినా, బండి తనను తాను చేసుకునే రెడీనెస్ పరీక్షలు పూర్తికాలేదని చూపిస్తే ఈమధ్యే కోడ్లు చెరిపేశారనో, బ్యాటరీ ఊడదీశారనో అర్థం. అన్నీ నచ్చాక మీకు తెలిసిన మెకానిక్‌తో, అమ్మేవాళ్ళు చెప్పిన మనిషితో కాదు, లిఫ్ట్ ఎక్కించి అడుగుభాగం చూపించండి.

కాగితాల్లో 17 అక్షరాల ఛాసిస్ నంబరు బండిమీద ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. అదే నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్లో రికాల్ పనులు (తయారీ లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలిచి చేసేవి) మిగిలాయేమో కనుక్కోవచ్చు. వారంటీ మొదటి యజమాని కొన్న తేదీ నుంచి లెక్క, మీరు కొన్న తేదీ నుంచి కాదు. సర్వీసులు సకాలంలో చేయించలేదంటే అది ఉన్నా చెల్లకపోవచ్చు. బండిమీద లోను ఉంటే అది తీరినట్టు కాగితం చేతికొచ్చాకే డబ్బు కట్టండి. ఇన్సూరెన్సు మీ పేరుకి మారకుండా రోడ్డెక్కించకండి. రెండో తాళంచెవి కూడా అడగండి. లేదంటే కొత్త రిమోట్ తాళం ఖర్చు కంపెనీలో కనుక్కుని, ఆ మేరకు ధర తగ్గించమనండి.