ఇటలీ నుంచి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: జర్మనీలో కొత్తగా దిగిన మనవాళ్లకు

ఉద్యోగం కుదురుకుని, ప్రొబేషన్ గడిచి, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే మనవాళ్లలో కొందరికి కారు పిచ్చి మొదలవుతుంది. రాత్రి అన్నం తిన్నాక ఫోన్‌లో యాడ్స్ తిప్పుతుంటే ఆల్ఫా రోమియో జూలియా క్వాద్రిఫోల్యో, మాసెరాటీ గ్రాన్‌టురిస్మో, ధైర్యం ఇంకాస్త ఎక్కువైతే పాత ఫెరారీ 360 కూడా కనిపిస్తాయి. బొలోన్యా దగ్గర ఒకటి, బ్రెషియాలో ఒకటి. "అన్నా, వెళ్లి తెచ్చేసుకోవచ్చా?" అని అడుగుతారు. తెచ్చుకోవచ్చు. రెండూ యూరోపియన్ యూనియన్ దేశాలే కాబట్టి కస్టమ్స్ బెడద లేదు. కానీ ఈ పని మిలాన్ ఫ్లైట్ టికెట్‌తో మొదలుపెడితే తలనొప్పే. మీ ఊరి రిజిస్ట్రేషన్ ఆఫీసు ఏ కాగితాలు అడుగుతుందో ముందు తెలుసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, బండిని చివర్న చూడండి.

ముందు లైసెన్సు, ఇన్సూరెన్సు

జర్మనీలో నివాసం మొదలైన రోజు నుంచి ఇండియా లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండూ పాసైతేనే జర్మన్ లైసెన్సు. అమెరికాలోని కొన్ని రాష్ట్రాల వాళ్లకున్న నేరుగా మార్చుకునే సౌకర్యం మనకు లేదు. బండిని మీ పేరున రిజిస్టర్ చేయడానికి మాత్రం లైసెన్సు అడగరు. అందుకని ఇంటి ముందు 510 గుర్రాల బండి పెట్టుకుని బస్సులో ఆఫీసుకి వెళ్లే పరిస్థితి నిజంగానే రావచ్చు.

ఇక ఇన్సూరెన్సు. ఇక్కడ ప్రీమియం 'ఎస్ఎఫ్' తరగతిని బట్టి ఉంటుంది, అంటే క్లెయిమ్ లేకుండా గడిపిన ఏళ్లు. హైదరాబాద్‌లో పదేళ్ల నో క్లెయిమ్ బోనస్ ఉందంటే చాలా కంపెనీలు నవ్వి ఊరుకుంటాయి. మీరు దాదాపు అట్టడుగు నుంచే మొదలెట్టాలి. ఆ అట్టడుగు తరగతికి పైన స్పోర్ట్స్ కారు, దానికి ఫుల్ కవర్ కలిస్తే వచ్చే అంకె చూసి బండి ఆలోచనే మానుకున్నవాళ్లున్నారు. కొన్ని కంపెనీలైతే కొత్త డ్రైవరుకి అలాంటి బండి మీద ఫుల్ కవర్ ఇవ్వనే ఇవ్వవు. కాబట్టి యాడ్‌లోని మోడల్, కిలోవాట్లు, తయారైన ఏడాది రాసుకుని కనీసం మూడు కంపెనీల దగ్గర కొటేషన్ తీసుకోండి. ఇన్సూరెన్సు ఉందని రుజువుగా, ఒప్పుకున్న కంపెనీ ఇచ్చే ఏడు అక్షరాల 'ఈవీబీ' కోడ్ లేకుండా రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో పని జరగదు.

అక్కడ ఎందుకు అమ్ముతున్నారు?

చవగ్గా కనిపించే ప్రతి బండి వెనకా మోసం ఉండదు. ఇటలీలో 185 కిలోవాట్లు దాటిన కార్లకు మామూలు రోడ్డు పన్ను 'బొల్లో'తో పాటు 'సూపర్‌బొల్లో' అని ఇంకొకటి ఉంది. 2012 నుంచి, 185 పైన ప్రతి కిలోవాట్‌కీ ఏడాదికి 20 యూరోలు. క్వాద్రిఫోల్యో ఇంజన్ 375 కిలోవాట్లు. 190 ఇంటూ 20, అంటే 3,800 యూరోలు. ఇది ఒక్క ఏడాదికి, మామూలు బొల్లో కాకుండా. బండికి 5, 10, 15 ఏళ్లు దాటేకొద్దీ ఇది 60, 30, 15 శాతాలకు తగ్గి, 20 ఏళ్లకు పూర్తిగా పోతుంది.

అదే బండి జర్మనీలో? 2014 నుంచి 2020 లోపు మొదటిసారి రిజిస్టరైన పెట్రోల్ కారుకి ప్రతి వంద సీసీకి 2 యూరోలు, కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకి 95 గ్రాములు దాటాక ప్రతి గ్రాముకి 2 యూరోలు. 2.9 లీటర్ల ఇంజన్, 200 గ్రాములు అనుకుంటే 58, 210 కలిపి 268 యూరోలు. 2021 తర్వాతి బండ్లకు గ్రాముల లెక్క కొంచెం ఎక్కువ. అయినా 3,800 ఎక్కడ, ఇదెక్కడ! అక్కడి యజమానికి గుదిబండైనది మీకు మామూలు ఖర్చు. బేరంలో మీకున్న బలం ఇదే.

మీరుండేది జర్మనీ కాకపోతే ఈ లెక్క తలకిందులవుతుంది. నెదర్లాండ్స్‌లో 'బీపీఎమ్', ఆస్ట్రియాలో 'నోవా', ఫ్రాన్స్‌లో 'మాల్యూస్', డెన్మార్క్‌లో అన్నిటికన్నా పెద్ద రిజిస్ట్రేషన్ పన్ను. ఇవన్నీ బయటి నుంచి తెచ్చిన పాత బండికీ పడేవే. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న స్నేహితుడు మ్యూనిక్ స్నేహితుడి మాట విని ఇటలీ వెళ్లకూడదు.

ఇటాలియన్ రాకపోయినా చదవగలిగే కాగితం

యాడ్ నచ్చిందా, ఫొటోల సంగతి తర్వాత, ముందు రిజిస్ట్రేషన్ పత్రం స్కాన్ అడగండి. పాత బండ్లకు 'లిబ్రెత్తో', దాంతో పాటు విడిగా యాజమాన్య పత్రం ఉండేవి. 2020 నుంచి ఆ రెండింటినీ కలిపి 'దోకుమెంతో ఊనికో' అనే ఒకే పత్రంగా ఇస్తున్నారు. భాష రాదని భయపడక్కర్లేదు. యూరోపియన్ యూనియన్‌లో ఈ పత్రాల గళ్లకు అక్షరాల కోడ్‌లు అన్ని దేశాల్లోనూ ఒకటే. 'బీ' ఎదురుగా మొదటి రిజిస్ట్రేషన్ తేదీ. 'ఈ' ఎదురుగా చాసిస్ నంబరు. 'పీ.2' కిలోవాట్లు, 'వీ.7' కార్బన్ డయాక్సైడ్, 'వీ.9' కాలుష్య తరగతి. 'కే' దగ్గర యూరోపియన్ టైప్ అప్రూవల్ నంబరు ఉంటే ఊపిరి పీల్చుకోండి, ఇక్కడ రిజిస్ట్రేషన్ సాఫీగా సాగుతుంది. 'కే' ఖాళీగా ఉన్నా, బండి ఎప్పుడో అమెరికా నుంచి ఇటలీకి వచ్చినదైనా, జర్మనీ వాహన నిబంధనల్లోని పారాగ్రాఫ్ 21 కింద ఇంజనీరు చేత పూర్తి పరీక్ష చేయించాల్సి రావచ్చు. లైట్లు, ఎగ్జాస్ట్ శబ్దం, అన్నీ చూస్తారు. టైమూ డబ్బూ రెండూ పోతాయి.

దీనితో పాటు 'సీఓసీ' ఉందా అని అడగండి. బండి ఏ ప్రమాణాలతో తయారైందో కంపెనీ ఇచ్చే పత్రమిది. లేకపోతే తయారీ కంపెనీ నుంచి డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు. 1990ల మధ్య నాటి కన్నా పాత బండ్లకు అసలు ఉండకపోవచ్చు.

తర్వాత నంబర్ ప్లేటు. ఇటలీలో వాహనాల యాజమాన్య రిజిస్టర్‌ని 'ప్రా' అంటారు, దాన్ని ఆటోమొబైల్ క్లబ్ 'ఆచీ' నడుపుతుంది. ప్లేటు నంబరుతో కొద్ది డబ్బు కట్టి 'విజూరా' తీయొచ్చు. అసలు ఓనరెవరు, బండి మీద అప్పుందా, 'ఫెర్మో అమ్మినిస్త్రతీవో' ఉందా, మూడూ అందులో తెలుస్తాయి. ఫెర్మో అంటే పన్నులో జరిమానాలో కట్టనందుకు బండిని ప్రభుత్వం కట్టిపడేయడం. సూపర్‌బొల్లో ఎగ్గొట్టినవాళ్ల బండ్లకు ఇది పట్టుకునే ప్రమాదం ఎక్కువ. ఫెర్మో ఉన్న బండిని రోడ్డెక్కించకూడదు, ఎగుమతి కోసం రిజిస్ట్రేషన్ రద్దు చేయరు. "అది చిన్న విషయం, నెలలో తీసేస్తారు" అని అమ్మేవాడంటే, తీసేశాకే వస్తానని చెప్పండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

కిలోమీటర్ల సంగతి. సరిహద్దులు దాటి అమ్ముడయ్యే పాత కార్లలో 30 నుంచి 50 శాతం దాకా మీటర్ వెనక్కి తిప్పినవి ఉండొచ్చని 2018లో యూరోపియన్ పార్లమెంట్ తన తీర్మానంలో ప్రస్తావించింది. ఇటలీలో బండి మొదట నాలుగేళ్లకి, ఆపైన రెండేళ్లకోసారి 'రెవిజియోనే' తనిఖీకి వెళ్లాలి. చివరి తనిఖీలో నమోదైన కిలోమీటర్లను రవాణా శాఖ పోర్టల్‌లో ప్లేటు నంబరుతో ఎవరైనా చూడొచ్చు. బెల్జియం ఈ విషయంలో ముందుంది. అక్కడ పాత కారు అమ్మాలంటే 2006 నుంచి 'కార్-పాస్' తప్పనిసరి, మీటర్ చరిత్రంతా అందులో ఉంటుంది. అందుకే ఇటాలియన్ బండి బెల్జియంలో దొరికితే నేను కాస్త ఎక్కువ పెట్టడానికైనా సిద్ధమే.

బండి దగ్గర

ఆ బ్రాండ్ బండ్లను చేతులారా విప్పి చూసిన స్వతంత్ర మెకానిక్‌ని ముందే మాట్లాడుకుని అతనితో వెళ్లండి. అతనికిచ్చే ఫీజు దగ్గర బేరమాడొద్దు. "మేమొచ్చేసరికి ఇంజన్ వేడెక్కించి ఉంచొద్దు" అని అమ్మేవాడికి ముందు రోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లటి ఇంజన్ మొదటి అర నిమిషంలో చేసే శబ్దం, వదిలే పొగ చాలా సంగతులు చెబుతాయి.

ఫెరారీ 360 అయితే టైమింగ్ బెల్టులు ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బండి నడిచినా నడవకపోయినా మూడేళ్లకోసారి మార్చాలన్నది లెక్క. "ఏడాదికి వెయ్యి కిలోమీటర్లే తిరిగింది" అన్నది బెల్టు విషయంలో ఏ గొప్పా కాదు. 360లో సీట్ల వెనక మూత తీసి ఆ పని చేయొచ్చు. దానికి ముందు వచ్చిన ఎఫ్355లో ఇంజన్‌నే కిందికి దించాలి, బిల్లు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. ఎఫ్430కి బెల్టు బదులు చైన్ వచ్చింది, ఆ మేరకు గండం తప్పింది. స్టీరింగ్ వెనక ప్యాడిళ్లతో గేర్లు మార్చే ఎఫ్1 గేర్‌బాక్స్ ఉంటే, క్లచ్ ఎంత శాతం అరిగిందో డయాగ్నస్టిక్ కంప్యూటర్‌లో తీయించి ప్రింట్ తీసుకోండి. ఆ కాలపు ఫెరారీల లోపల బటన్లు, ప్లాస్టిక్ మూతలు ముట్టుకుంటే పాకంలా అంటుకుంటాయి. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా అది జబ్బు కాదు, వయసు. బేరానికి పనికొస్తుంది.

క్వాద్రిఫోల్యో అయితే వంగి ముందు బంపర్ కింద చూడండి. అక్కడి కార్బన్ ఫైబర్ అంచు స్పీడ్ బ్రేకర్లకు గీరుకుని చిట్లి ఉండొచ్చు. కార్బన్ సెరామిక్ బ్రేకులున్న బండైతే డిస్కులు ఎంత మిగిలాయో మెకానిక్ చెప్పేదాకా ధర మాట్లాడొద్దు. ఆల్ఫా 4సీకి చాసిస్ మధ్య భాగమంతా కార్బన్ ఫైబర్ తొట్టె. దానికి దెబ్బ తగిలి ఉంటే, ఎంత అందంగా పెయింట్ వేసినా ఆ బండి మనకొద్దు. అన్నట్టు 4సీకి పవర్ స్టీరింగ్ లేదు. పార్కింగ్‌లో ఒకసారి తిప్పి చూశాకే మీ ఆవిడకి చూపించండి.

డబ్బు, ఒప్పందం

ఇటలీలో 5,000 యూరోలు, అంతకు మించి నగదు చేతులు మారడం 2023 నుంచి చట్టవిరుద్ధం. కాబట్టి కవర్‌లో నోట్లు పెట్టుకుని వెళ్లొద్దు. బ్యాంకు ఇన్‌స్టంట్ ట్రాన్స్‌ఫరే మంచిది. రోజుకి ఎంత పంపొచ్చో మీ బ్యాంకులో ముందే పరిమితి పెంచుకోండి. "కారు వేరే దేశంలో ఉంది, డిపాజిట్ వెయ్యండి, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ ఇంటికి తెస్తుంది" అనేవాడితో అసలు మాటలే పెట్టుకోవద్దు.

అడ్వాన్స్ ఇవ్వాల్సి వస్తే రసీదు మీద 'కపార్రా కన్ఫర్మతోరియా' అని రాయించండి. అలా రాస్తే, మీరు వెనక్కి తగ్గితే మీ డబ్బు పోతుంది కానీ అమ్మేవాడు మాట తప్పితే రెట్టింపు ఇవ్వాలి. ఊరికే 'అక్కొంతో' (అడ్వాన్స్) అని రాస్తే ఆ రక్షణ లేదు.

డీలరు దగ్గర కొంటే, పాత కారు మీద కూడా చట్టప్రకారం కనీసం ఏడాది బాధ్యత అతనిది. దాన్ని తప్పించుకోవడానికి కొందరు షోరూమ్‌లోని బండినే "ఇది మాది కాదు, ఓనరు తరఫున 'కొంతో వెందితా'లో పెట్టాం" అంటారు. ఒప్పందంలో అమ్మేవాడి చోట ఎవరి పేరుందో అదే చదవండి. ప్రైవేటు వ్యక్తి దగ్గరైతే 'విస్తో ఎ పియాచూతో' అని రాస్తారు. చూసుకుని నచ్చే కొన్నారు, తర్వాత అడగొద్దని అర్థం. డీలరుతో గొడవొస్తే యూరోపియన్ కన్జూమర్ సెంటర్ ఉచితంగా సాయం చేస్తుంది. ప్రైవేటు అమ్మకాల్లోకి వాళ్లు రారు.

వ్యాట్ గురించి ఒక్క మాట. మొదట రోడ్డెక్కి ఆరు నెలలు నిండకపోయినా, 6,000 కిలోమీటర్లు దాటకపోయినా, ఈ రెండింటిలో ఏ ఒక్కటైనా సరే, పన్నుల దృష్టిలో అది కొత్త కారు. జర్మనీలో 19 శాతం మీరు కట్టాలి. "చూడు, 4,000 కిలోమీటర్లే తిరిగింది" అని మురిసిపోయే ముందు ఇది గుర్తుండాలి. స్విట్జర్లాండ్, బ్రిటన్ బండ్లకైతే కస్టమ్స్ వ్యవహారం వేరే ఉంటుంది. మొదటి కొనుగోలుకి అటు పోకండి.

ఇంటికి, ఆపైన కౌంటర్‌కి

డబ్బు పంపడం, సంతకాలు, ఎగుమతి కోసం రిజిస్ట్రేషన్ రద్దు, ఇవన్నీ వాహన పత్రాల ఏజెన్సీలో అందరూ కూర్చున్నప్పుడే ఒకే రోజున జరిగేలా చూసుకోండి. అలాంటి ఏజెన్సీ ఇటలీలో దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. రద్దు కావాలంటే రెవిజియోనే ఆరు నెలల లోపుదై ఉండాలి. పాతదైతే ఆ ఖర్చు అమ్మేవాడిదే అని ముందే తేల్చుకోండి. రద్దయ్యాక ప్లేట్లు అప్పగించేస్తారు కాబట్టి బ్రెన్నర్ కనుమ మీదుగా నడుపుకుంటూ వచ్చే కల పక్కన పెట్టి, లారీ మాట్లాడండి. అమ్మినాయన ప్లేట్లతో, ఆయన ఇన్సూరెన్స్‌తో వస్తానంటే మాత్రం నేను వద్దనే అంటాను.

బండి దిగాక ట్యూఫ్ లేదా డెక్రా అనే వాహన తనిఖీ సంస్థలో తనిఖీ చేయించండి. తర్వాత రిజిస్ట్రేషన్ ఆఫీసులో అపాయింట్‌మెంట్. అన్మెల్డుంగ్ (నివాసం నమోదు చేసుకున్న పత్రం), పాస్‌పోర్టు, కొనుగోలు ఒప్పందం, రద్దు రాసిన ఇటాలియన్ పత్రం ఒరిజినల్, సీఓసీ, తనిఖీ రిపోర్టు, ఈవీబీ కోడ్, పన్ను కోసం బ్యాంకు ఖాతా నంబరు తీసుకెళ్లండి. చాసిస్ నంబరు సరిచూడ్డానికి బండినే తెమ్మనే ఆఫీసులూ ఉన్నాయి, ముందే అడగండి. బండికి 30 ఏళ్లు నిండి, అసలు రూపంలో ఉంటే 'హెచ్' ప్లేటు తీసుకోవచ్చు. అప్పుడు ఇంజన్ ఎంత పెద్దదైనా ఏడాదికి 191.73 యూరోలే పన్ను.

చలికాలంలో ఎలాగూ తీయరు కాబట్టి సీజన్ ప్లేటు ఆలోచించండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు అని ప్లేటు అంచున 04, 10 అంకెలు ముద్రిస్తారు, పన్నూ ఇన్సూరెన్సూ ఆ నెలలకే. మిగతా అయిదు నెలలు బండిని రోడ్డు పక్కన కూడా నిలపకూడదు. అపార్ట్‌మెంట్‌లో గరాజ్ లేనివాళ్లు కారు కన్నా ముందు దాన్ని వెతుక్కోవాలి. పెద్ద ఊళ్లలో గరాజ్ దొరకడానికి ఒక్కోసారి కారు దొరికినదానికన్నా ఎక్కువ టైం పడుతుంది.