సీషార్ప్ నుంచి విండోస్ ఫంక్షన్‌ను పిలవడం ఎలా?

కంప్యూటర్ ముందు మనిషి ఉన్నాడా, లేచి వెళ్లిపోయాడా? కీబోర్డు గానీ మౌసు గానీ చివరిసారి కదిలి ఎంతసేపయింది? సీషార్ప్‌లో రాసిన ప్రోగ్రాముకు ఇంత చిన్న సంగతి చెప్పే సౌకర్యం డాట్‌నెట్ లైబ్రరీలో లేదు. విండోస్‌కు మాత్రం తెలుసు. గెట్‌లాస్ట్‌ఇన్‌పుట్‌ఇన్ఫో అనే ఫంక్షన్‌ను అడిగితే చెబుతుంది. వదిలేసి వెళ్లిన బిల్లింగ్ తెరకు తాళం వేయాలన్నా, సగం నింపిన ఫారాన్ని భద్రపరచాలన్నా ఇదే ఆధారం.

మేనేజ్డ్ కోడ్ (డాట్‌నెట్ ఆధ్వర్యంలో నడిచే కోడ్) నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ సొంత ఫంక్షన్‌ను ఇలా పిలవడాన్ని ప్లాట్‌ఫామ్ ఇన్వోక్ అంటారు, వాడుకలో పీఇన్వోక్. 2002లో డాట్‌నెట్ మొదటి వెర్షన్‌తోనే ఇది వచ్చింది. ఇన్నేళ్లయినా చాలామంది ఎక్కడో దొరికిన నాలుగు లైన్లు తెచ్చి అతికించి, ఒకసారి నడవగానే ఆ ఫైలు మూసేస్తున్నారు. కొన్ని నెలల తర్వాత వాడకందారు దగ్గర ప్రోగ్రాము కూలిపోయేది ఆ నాలుగు లైన్ల దగ్గరే. పద్ధతిగా చేస్తే అరగంట పని. ఆ అరగంటలో ఎక్కువ భాగం ఒకే ఒక్క మెట్టు మీద పెట్టాలి.

ఇందులో పేర్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. ఎడిటర్‌లో మాత్రం మైక్రోసాఫ్ట్ పత్రాల్లో ఉన్న స్పెల్లింగే, పెద్ద అక్షరాలు చిన్న అక్షరాల తేడాతో సహా టైప్ చేయాలి. ఫంక్షన్ పేరులో ఒక్క అక్షరం మారినా అది దొరకదు.

కావలసినవి

డాట్‌నెట్ 8 ఎస్‌డీకే, ఏదో ఒక ఎడిటర్, బ్రౌజర్‌లో ఆ ఫంక్షన్ గురించిన మైక్రోసాఫ్ట్ పేజీ. డాట్‌నెట్ 7 అయినా సరిపోతుంది. ప్రాజెక్టు ఫైలులో అలౌ‌అన్‌సేఫ్‌బ్లాక్స్ అనే అమరికను ట్రూ చేయండి, అంతే.

మొదటి మెట్టు: నిజంగా అవసరమా?

డిస్కులో ఖాళీ ఎంతుందో తెలుసుకోవడానికి డ్రైవ్‌ఇన్ఫో ఉంది. కంప్యూటర్ పేరుకు ఎన్విరాన్‌మెంట్.మెషీన్‌నేమ్ ఉంది. చేతిలో ఉన్నవాటిని వదిలి పీఇన్వోక్ రాయడం కోరి తెచ్చుకునే తలనొప్పి. లైబ్రరీలో లేదని తేలాకే ముందుకు వెళ్లండి.

రెండో మెట్టు: పేజీని చివరిదాకా చదవండి

ఫంక్షన్ ఏ డీఎల్ఎల్‌లో (ఫంక్షన్లు ఉండే విండోస్ ఫైలు) ఉంది, ఏం తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది, విఫలమైతే కారణం గెట్‌లాస్ట్‌ఎర్రర్ ద్వారా తెలుస్తుందని రాశారా లేదా, ఈ నాలుగూ చూసుకోండి. ఆ తర్వాత రిమార్క్స్ అనే భాగం తప్పక చదవండి. మన ఫంక్షన్ యూజర్32 డీఎల్ఎల్‌లో ఉంది. తనను పిలిచిన లాగిన్ సెషన్‌లోని కదలికలనే ఇది చెబుతుందని రిమార్క్స్‌లో స్పష్టంగా ఉంది. అది చదవనివాళ్లు దీన్ని విండోస్ సర్వీసులో పెట్టి, మనిషి టైపు చేస్తున్నా ఖాళీగా ఉన్నట్టు చూపిస్తోందని వాపోతుంటారు. సర్వీసు నడిచేది వేరే సెషన్‌లో.

మూడో మెట్టు: డిక్లరేషన్లకు ఒకే చోటు

నేటివ్‌మెథడ్స్ అనే ఒక స్టాటిక్ పార్షియల్ క్లాసు పెట్టి, బయటి ఫంక్షన్ పేరునూ రకాలనూ సీషార్ప్‌కు చెప్పే డిక్లరేషన్లన్నీ అందులోనే రాయాలి. ఫారాల్లో, బటన్ల కోడ్‌లో అక్కడొకటి ఇక్కడొకటి పెట్టకూడదు.

ఇక డిక్లరేషన్ నెత్తిన పెట్టే ఆట్రిబ్యూట్. పాతది డీఎల్ఎల్ఇంపోర్ట్. 2022లో డాట్‌నెట్ 7తో వచ్చింది లైబ్రరీఇంపోర్ట్. కొత్తగా రాసేవాళ్లు రెండోదే వాడాలి. పాతదానిలో మన విలువలను అవతలి రూపంలోకి మార్చే కోడ్‌ను ప్రోగ్రాము నడిచేటప్పుడు రన్‌టైమ్ (ప్రోగ్రామును నడిపించే డాట్‌నెట్ భాగం) తెర వెనుక తయారుచేస్తుంది. కొత్తదానిలో ఆ కోడ్ బిల్డ్ సమయంలోనే మామూలు సీషార్ప్‌లో తయారవుతుంది. తెరిచి చదువుకోవచ్చు, డీబగ్గర్‌తో అడుగడుగునా చూడవచ్చు. స్ట్రింగ్‌ను ఎలా పంపాలో, బూల్‌ను ఎన్ని బైట్లుగా తీసుకోవాలో మీరు చెప్పకపోతే బిల్డ్ ఆగిపోతుంది. ఆ మొండితనమే దీని గొప్పతనం.

కొందరు ఇదే పనికి సీప్లస్‌ప్లస్‌సీఎల్ఐలో మధ్యవర్తి డీఎల్ఎల్ ఒకటి కడతారు. ఒక్క ఫంక్షన్ కోసం ఇంకో ప్రాజెక్టు, ఇంకో కంపైలర్, 32 బిట్లకు ఒకటి 64 బిట్లకు ఒకటి అంటూ వేర్వేరు ఫైళ్లు. సీప్లస్‌ప్లస్ క్లాసులతో పెద్ద లైబ్రరీ ఉంటే అది సబబే. విండోస్ ఫంక్షన్లు సాదా సీ శైలిలో ఉంటాయి, వాటికి అంత హంగామా దండగ.

నాలుగో మెట్టు: రకాల కొలతలు

ఇక్కడ ఆగండి. పీఇన్వోక్‌లో చెడేదంతా ఈ మెట్టు దగ్గరే చెడుతుంది.

మామూలు సీషార్ప్‌లో అంకె ఇవ్వవలసిన చోట స్ట్రింగ్ ఇస్తే కంపైలర్ వెంటనే ఆపుతుంది. ఇక్కడ ఆపదు. డీఎల్ఎల్ బయటికి చూపించే పట్టికలో ఫంక్షన్ పేరు ఉంటుంది కానీ అది తీసుకునే పారామీటర్లు ఎన్నో, ఏ రకానివో ఉండదు. మీరు ఏం రాస్తే రన్‌టైమ్ అదే నమ్ముతుంది. నాలుగు బైట్లకు బదులు ఎనిమిది రాసినా బిల్డ్ అవుతుంది, తరచుగా నడుస్తుంది కూడా. మెమరీలో పక్కన ఏముందో దాన్ని బట్టి ఒకరోజు తప్పు విలువ వస్తుంది, ఇంకోరోజు ప్రోగ్రామే పోతుంది. దోషం ఒకచోట, కూలేది మరోచోట. అందుకే డిక్లరేషన్‌ను కాపీ చేయకూడదు. సీ భాషలో ఉన్న అసలు రూపాన్ని ఎదురుగా పెట్టుకుని, ఒక్కో పారామీటర్ ఎన్ని బైట్లో రాసుకుంటూ చేత్తో రాయాలి. డిక్లరేషన్లను తయారుచేసి ఇచ్చే సీఎస్‌విన్32 అనే పనిముట్టు మైక్రోసాఫ్ట్‌దే ఉంది, మంచిదే. అయితే పది ఫంక్షన్లు చేత్తో రాశాకే దాని జోలికి వెళ్లాలి, లేదంటే అది ఇచ్చినదాన్ని చదవడం కూడా రాదు.

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచినది లాంగ్. విండోస్‌లో సీ భాష లాంగ్ అంటే నాలుగు బైట్లు, 64 బిట్ల విండోస్‌లో కూడా నాలుగే. సీషార్ప్ లాంగ్ ఎనిమిది బైట్లు. పేరు ఒకటే కదా అని అలాగే దించేస్తే కొలత రెట్టింపవుతుంది. విజువల్ బేసిక్ 6 కాలపు ఉదాహరణలదీ ఇదే కథ: అప్పటి లాంగ్ నాలుగు బైట్లు, డాట్‌నెట్‌కు వచ్చాక అదే పేరు ఎనిమిది బైట్లయింది. పాత కోడ్‌ను మక్కీకి మక్కీ మార్చిన డిక్లరేషన్లు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. డీవర్డ్, యూఇంట్ అని పత్రాల్లో కనిపిస్తే సీషార్ప్‌లో యూఇంట్ రాయండి. లాంగ్ కనిపిస్తే ఇంట్. హ్యాండిల్, హెచ్‌డబ్ల్యూఎన్‌డీ, ఎల్‌పారమ్ వంటివి 32 బిట్లలో నాలుగు బైట్లు, 64 బిట్లలో ఎనిమిది. వాటికి ఎప్పుడూ, బిట్లను బట్టి తన కొలత మార్చుకునే ఎన్ఇంట్ రాయాలి, ఇంట్ కాదు.

మన ఫంక్షన్ తీసుకునే స్ట్రక్చర్‌నే చూడండి. అందులో రెండే సభ్యులు. సీబీసైజ్ నాలుగు బైట్లు, డీడబ్ల్యూటైమ్ నాలుగు బైట్లు, మొత్తం ఎనిమిది. డీడబ్ల్యూటైమ్‌కు ఎవరో లాంగ్ అని రాశారనుకోండి. ఎనిమిది బైట్ల విలువ ఎనిమిదితో భాగింపబడే స్థానంలో మొదలవ్వాలి కాబట్టి మధ్యలో నాలుగు బైట్ల ఖాళీ చేరి, స్ట్రక్చర్ పదహారు బైట్లవుతుంది. ఈ ఫంక్షన్ పరిమాణాన్ని సీబీసైజ్‌లో చూసుకుంటుంది, సరిపోకపోతే సున్నా తిరిగిస్తుంది. ఇలా సరిచూసుకోని ఫంక్షన్లు బోలెడు. అవి మౌనంగా తప్పుడు చోట రాసేస్తాయి.

ఈ స్ట్రక్చర్‌ను రెఫ్‌గా పంపాలి, అవుట్‌గా కాదు. ఫలితం వచ్చేది అందులోకే కదా అని చాలామంది అవుట్ రాస్తారు. సీబీసైజ్‌ను మనం ముందే నింపి ఇవ్వాలి, అవుట్ అంటే ఆ విలువ అవతలికి చేరుతుందన్న హామీ లేదు.

తిరిగి వచ్చే బూల్ మరో ఉచ్చు. విండోస్ పత్రాల్లో పెద్ద అక్షరాల బూల్ నాలుగు బైట్ల అంకె, సీప్లస్‌ప్లస్ చిన్న అక్షరాల బూల్ ఒక బైటు. ఒక బైటుదాన్ని నాలుగుగా చదివితే మిగతా మూడు బైట్లలోని చెత్త కూడా కలిసి, అబద్ధం నిజమై కూర్చుంటుంది. ఏది ఏదో చూసి మార్షల్‌యాజ్ అనే ఆట్రిబ్యూట్‌తో తప్పక చెప్పండి. పెద్ద బూల్‌లో సున్నా కానిదేదైనా నిజమే, అందుకని దాన్ని 1తో పోల్చకూడదు.

తెలుగు ఫైళ్లతో పనిచేసేవాళ్లు స్ట్రింగుల సంగతి మరీ శ్రద్ధగా చూసుకోవాలి. ఫైలుకు రెండో పేరు తగిలించే క్రియేట్‌హార్డ్‌లింక్‌ను తీసుకోండి. కెర్నెల్32లో ఈ పేరుతో ఫంక్షన్ లేదు, చివర ‘ఏ’ అక్షరం ఉన్నదొకటి, ‘డబ్ల్యూ’ ఉన్నదొకటి ఉన్నాయి. ‘ఏ’ అంటే పాత ఆన్సీ కోడ్‌పేజీది (భాషను బట్టి మారే అక్షరాల పట్టిక), డబ్ల్యూ అంటే యూనికోడ్‌ది. సీషార్ప్‌లో డీఎల్ఎల్ఇంపోర్ట్ రాసి క్యారెక్టర్‌సెట్ చెప్పకపోతే అది ఎంచుకునేది ‘ఏ’ ఉన్నదాన్నే. తెలుగుకు విండోస్‌లో ఆన్సీ కోడ్‌పేజీయే లేదు, యూనికోడ్ ఒక్కటే దారి. అందుచేత ‘జీతాలు’ అని పంపితే అవతలికి చేరేది ఆరు ప్రశ్నార్థకాలు. జ, గుడి దీర్ఘం, త, దీర్ఘం, ల, కొమ్ము, ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నార్థకం. ఫైలు పేరులో ప్రశ్నార్థకం చెల్లదు కాబట్టి ఆ ఫైలు ఎప్పటికీ దొరకదు. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించి, అంతా బాగుందని పంపేసేవాళ్ల మీద నాకున్న కోపం ఇక్కడిదే. యూటీఎఫ్8ను సిస్టమ్ కోడ్‌పేజీగా పెట్టుకున్న కంప్యూటర్‌లోనైతే తెలుగు పేరు కూడా నడుస్తుంది, అప్పుడు లోపం ఇంకా లోతుగా దాక్కుంటుంది. లైబ్రరీఇంపోర్ట్‌లో ఎంట్రీపాయింట్‌గా డబ్ల్యూతో సహా పూర్తి పేరు రాసి, స్ట్రింగ్‌మార్షలింగ్‌ను యూటీఎఫ్16 చేయండి. ఈ ఫంక్షన్‌కు మొదట ఇవ్వవలసింది కొత్త పేరు, ఇప్పటికే ఉన్న ఫైలు రెండోది. రెండూ స్ట్రింగులే కాబట్టి తారుమారైతే ఎవరూ హెచ్చరించరు.

‘నా దగ్గర నడిచింది’ అనేది రుజువు కాదు. 64 బిట్ల విండోస్‌లో మొదటి నాలుగు పారామీటర్లు రిజిస్టర్లలో వెళ్తాయి కాబట్టి ఒకటి ఎక్కువ రాసినా బయటపడకపోవచ్చు. 32 బిట్లలో స్టాక్‌ను శుభ్రం చేసేది పిలవబడిన ఫంక్షనే, లెక్క తప్పితే స్టాక్ చెదిరిపోతుంది.

అయిదో మెట్టు: పిలవడం

స్ట్రక్చర్ సృష్టించి, సీబీసైజ్‌లో మార్షల్.సైజ్‌ఆఫ్ ఇచ్చిన విలువ పెట్టి, ఫంక్షన్‌ను పిలవండి. ఫలితం అబద్ధమైతే ఎక్సెప్షన్ విసరండి, డీడబ్ల్యూటైమ్‌ను తాకవద్దు.

అందులో వచ్చేది కంప్యూటర్ మొదలైనప్పటి నుంచి చివరి కదలిక దాకా లెక్కించిన మిల్లీసెకన్లు, 32 బిట్లలో. 49.7 రోజులకు అది నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కాబట్టి 64 బిట్ల ఎన్విరాన్‌మెంట్.టిక్‌కౌంట్64 నుంచి దీన్ని తీసివేయకూడదు, 49.7 రోజులు దాటాక అర్థం లేని పెద్ద అంకె వస్తుంది. ఇప్పటిదాకా అయిన లెక్క చెప్పే ఎన్విరాన్‌మెంట్.టిక్‌కౌంట్‌ను యూఇంట్‌గా మార్చి, అన్‌చెక్డ్ అని స్పష్టంగా రాసి తీసివేయండి. రెండూ 32 బిట్లే కావడం వల్ల మధ్యలో ఒకసారి సున్నాకు తిరిగినా తేడా సరిగ్గానే వస్తుంది. ఎవరైనా అన్ని రోజులు ఆపకుండా ఉంచుతారా అనుకోకండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న విండోస్‌లో రోజూ షట్‌డౌన్ చేసినా ఈ లెక్క మొదటికి రాదు, రీస్టార్ట్ చేస్తేనే వస్తుంది.

ఆరో మెట్టు: విఫలమైతే కారణం

పత్రాల్లో గెట్‌లాస్ట్‌ఎర్రర్ ప్రస్తావన ఉన్న ఫంక్షన్లకు సెట్‌లాస్ట్‌ఎర్రర్‌ను ట్రూ చేయండి. పిలిచిన మరుసటి లైన్లోనే మార్షల్.గెట్‌లాస్ట్‌పీఇన్వోక్‌ఎర్రర్‌తో అంకె తీసుకుని విన్32ఎక్సెప్షన్‌కు ఇవ్వండి, మాటల్లో కారణం వస్తుంది. గెట్‌లాస్ట్‌ఎర్రర్‌నే మరో పీఇన్వోక్‌గా రాసి పిలవకూడదు, ఈలోగా రన్‌టైమ్ తన సొంత పనుల్లో ఆ అంకెను మార్చేసి ఉండవచ్చు. క్రియేట్‌హార్డ్‌లింక్ విషయంలో 17 వస్తే రెండు పేర్లూ వేర్వేరు డ్రైవుల్లో ఉన్నాయని, 183 వస్తే కొత్త పేరుతో ఇప్పటికే ఫైలు ఉందని అర్థం.

కాల్‌బ్యాక్ (విండోస్ తిరిగి పిలిచే మన ఫంక్షన్) తీసుకునే సెట్‌విండోస్‌హుక్‌ఈఎక్స్ వంటి ఫంక్షన్లకు డెలిగేట్‌ను స్టాటిక్ ఫీల్డులో దాచి పంపాలి. అక్కడికక్కడ సృష్టించి పంపితే, దాన్ని విండోస్ ఇంకా వాడుతోందని తెలియని గార్బేజ్ కలెక్టర్ ఊడ్చేస్తుంది.

చివరగా: పరీక్ష

డీబగ్‌లో కాదు, రిలీజ్ బిల్డ్‌తో 32 బిట్లుగా ఒకసారి, 64 బిట్లుగా ఒకసారి నడపండి. తెలుగు పేరున్న ఫోల్డర్‌లో నడపండి. మీరు రాసిన ప్రతి స్ట్రక్చర్‌కు ఒక యూనిట్ టెస్టు పెట్టి, మార్షల్.సైజ్‌ఆఫ్ విలువ సీ హెడర్ ప్రకారం ఉండవలసినంతే ఉందో లేదో సరిచూడండి. మనదానికి 8 రావాలి. రేపు ఎవరైనా యూఇంట్ తీసి లాంగ్ పెడితే ఆ టెస్టు అక్కడే పట్టుకుంటుంది.