ఎమ్మెస్ నిస్సత్తువకు మొడాఫినిల్: ఇన్సూరెన్స్ కాదంటే ఎక్కడ సరిచేయాలి

అమెరికాలో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) అనే నరాల జబ్బు ఉన్నవారికి నిస్సత్తువ తగ్గడానికి న్యూరాలజిస్టులు మొడాఫినిల్ అనే మెలకువగా ఉంచే మందు రాస్తుంటారు. చిక్కల్లా ఆ మందుకున్న అనుమతితోనే. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని 1998లో నార్కొలెప్సీకి (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) ఒప్పుకుంది, 2004లో స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), షిఫ్ట్ డ్యూటీ నిద్ర సమస్యలను కలిపింది. ఎమ్మెస్ అందులో లేదు. డాక్టరు రాయడం చట్టబద్ధమే, డబ్బు కట్టాలా వద్దా అన్నది మాత్రం ఇన్సూరెన్స్ ప్లాన్ చేతిలో ఉంటుంది. కాదన్నప్పుడు అదే ఫారం మళ్లీ పంపితే అదే జవాబు వస్తుంది. ముందు తిరస్కరణ కారణం చదవాలి.

సమస్య: ఫార్మసీలోనే ఆగిపోయింది

రిజెక్ట్ కోడ్ ఎంతో అడగండి. 75 అంటే ప్రయర్ ఆథరైజేషన్ (ప్లాన్ ముందస్తు అనుమతి) కావాలి, ఫారం డాక్టరు ఆఫీసు నుంచి వెళ్లాలి. 70 అంటే మందు ప్లాన్ జాబితాలో లేదు, మినహాయింపు కోరాలి. 76 అంటే పరిమితి దాటింది. చాలా ప్లాన్లు రోజుకు ఒక్క మాత్రే ఇస్తాయి కాబట్టి 100 మి.గ్రా. రోజుకు రెండు అని రాస్తే ఆగుతుంది. 200 మి.గ్రా. మాత్రకు మధ్యలో గీత ఉంటుంది. పొద్దున సగం, మధ్యాహ్నం సగం అని 30 మాత్రలు రాయించుకుంటే సరిపోతుంది.

సమస్య: "ఈ జబ్బుకు కవరేజీ లేదు"

తరచుగా కారణం ఫారంలో జబ్బు కోడ్‌గా ఆర్53.83, అంటే ఉత్త అలసట కోడ్, ఒక్కటే ఉండడం. మొదట ఎమ్మెస్ కోడ్, తర్వాత అలసట కోడ్ ఉండాలి. 2025 అక్టోబర్ 1 నుంచి ఎమ్మెస్ పాత కోడ్ జీ35 ఒక్కటే రాస్తే చెల్లదు. రిలాప్సింగ్ రెమిటింగ్ (లక్షణాలు తిరగబెడుతూ తగ్గుతూ ఉండే) రకానికి జీ35.ఎ రాయాలి, మిగతా రకాలకు వేరే అక్షరాలున్నాయి.

ఇంతకంటే పెద్ద లోపం డాక్టరు నోట్సులో ఉంటుంది. మనవాళ్లు ఎలా ఉన్నారని అడిగితే "బాగానే ఉన్నానండి" అంటారు. నోట్సులో అదే ఎక్కుతుంది, ఇన్సూరెన్స్ సమీక్షకుడు అదే ఎత్తిచూపుతాడు. వంట మధ్యలో కూర్చోవాల్సి వస్తోందని, మధ్యాహ్నం మీటింగులు వదిలేస్తున్నామని ఉన్నదున్నట్టు చెప్పండి. అంకెలూ ఉండాలి. ఎమ్‌ఎఫ్‌ఐఎస్ అనే 21 ప్రశ్నల పత్రానికి 84 మార్కులు, 38 దాటితే నిస్సత్తువ గట్టిదని లెక్క. థైరాయిడ్, రక్తహీనత, బీ12, డిప్రెషన్ కారణం కాదని చూపే ఫలితాలు జతచేయండి. గురక ఉంటే నిద్ర పరీక్ష తప్పక చేయించుకోండి. స్లీప్ ఆప్నియా బయటపడితే దానికి అసలు చికిత్స సీప్యాప్, అంటే నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపే యంత్రం. అది వాడుతున్నా పగటి నిద్రమత్తు పోకపోతే మొడాఫినిల్ అనుమతి ఉన్న వాడకంలోకే వస్తుంది.

సమస్య: "ముందు వేరే మందు వాడాలి"

ఇది స్టెప్ థెరపీ. సాధారణంగా అడిగేది అమాంటడీన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. "వాడాం, పనిచేయలేదు" అంటే చాలదు. మొదలుపెట్టిన తేదీ, డోసు, ఎన్ని వారాలు, ఎందుకు ఆపారు అన్నవి నాలుగూ రాయాలి. కిడ్నీ పనితీరు తగ్గినవారికి, మూర్ఛలు ఉన్నవారికి అమాంటడీన్ తగకపోవచ్చు. అలాంటప్పుడు వాడకుండానే మినహాయింపు కోరవచ్చు, డాక్టరు కారణం రాయాలి.

సమస్య: "ఆధారాలు చాలవు"

2021లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చిన అధ్యయనంలో 141 మంది మీద అమాంటడీన్, మొడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ మూడూ ఉత్తుత్తి మాత్రను (ప్లాసిబో) మించలేదు. దాన్ని దాచి అప్పీలు లేఖ రాస్తే బలం పోతుంది. అది గుంపు సగటు అని ఒప్పుకుని, ఈ రోగికి వచ్చిన మార్పు చూపాలి. ఒక నెలకు జెనెరిక్ సొంత డబ్బుతో కొని, వాడకముందు, వాడాక ఎమ్‌ఎఫ్‌ఐఎస్ నింపండి. కూపన్‌తో జెనెరిక్ ధర కోపే (ఇన్సూరెన్స్ ఉన్నా మీరు కట్టే వాటా) దగ్గరికే రావచ్చు, అప్పుడు అప్పీలే అక్కర్లేదు. వేరే ఫార్మసీలో కొంటే మీ మిగతా మందులు వాళ్లకు కనపడవు, మీరే చెప్పాలి. ఉదాహరణకు మొడాఫినిల్ గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గిస్తుంది, ఆపాక ఒక నెల వరకు కూడా. ఇది మర్చిపోకూడదు. ఇండియా నుంచి పార్శిల్ తెప్పించుకోవద్దు, ఇది షెడ్యూల్ 4 నియంత్రిత మందు.

సమస్య: మళ్లీ కాదన్నారు

ముందు డాక్టరు చేత సమీక్ష డాక్టరుకు ఫోన్ చేయించండి, దీన్ని పీర్ టు పీర్ అంటారు. ఆ తర్వాత అప్పీలు. ఉద్యోగం ద్వారా వచ్చే ప్లాన్లకు, ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొనుక్కున్న ప్లాన్లకు తిరస్కరణ అందిన 180 రోజుల్లోపు వేయాలి. మందు ఇంకా తీసుకోకపోతే 30 రోజుల్లో జవాబివ్వాలి. అదీ పోతే 4 నెలల్లోపు బయటి సమీక్ష, అంటే ప్లాన్‌తో సంబంధం లేనివాళ్లు చేసే సమీక్ష, కోరవచ్చు.

మెడికేర్ (ప్రభుత్వ ఇన్సూరెన్స్) వారి మందుల కవరేజీ పార్ట్ డీ దారి వేరు. అక్కడ ఎఫ్‌డీఏ అనుమతి లేకపోతే ఏహెచ్‌ఎఫ్‌ఎస్ లేదా డ్రగ్‌డెక్స్ అనే మందుల ప్రామాణిక గ్రంథాల్లో ఆ వాడకానికి మద్దతు ఉండాలి. కష్టాలు ఎంత వివరించినా అది లేకుండా పని జరగదు, కాబట్టి లేఖలో ముందు ఆ ఉటంకింపే ఉండాలి. నిర్ణయానికి గడువు 72 గంటలు, అత్యవసరమైతే 24.

సమస్య: నిరుడు ఇచ్చారు, ఇప్పుడు ఆగింది

అనుమతి గడువు తీరింది, లేదా ఉద్యోగం మారి ప్లాన్ మారింది. పాత అనుమతి కొత్త కంపెనీ ప్లాన్‌కు రాదు. పాత అనుమతి లేఖ, తాజా ఎమ్‌ఎఫ్‌ఐఎస్ జతచేసి, గడువుకు నెల ముందే కొత్త ఫారం పంపించండి.