సముద్రం మీద ఇంగ్లీషు – 4వ పాఠం: ఓడ లోపల

పోయిన పాఠంలో ఫ్రిగేట్, డిస్ట్రాయర్ లాంటి యుద్ధనౌకల పేర్లు చూశాం. ఈసారి ఓడెక్కుదాం.

ఓడ ముందుభాగం బౌ. ‘కౌ’తో ప్రాస కలిసేలా పలకాలి, బో అంటే విల్లు అయిపోతుంది. వెనుకభాగం స్టర్న్. బౌ వైపు తిరిగి నిలబడితే ఎడమచేతి వైపు పోర్ట్, కుడిచేతి వైపు స్టార్‌బోర్డ్. మీరు ఎటు తిరిగినా ఈ పేర్లు మారవు. లెఫ్ట్, రైట్ అంటే ఎవరి ఎడమ, ఎవరి కుడి అనే పేచీ వస్తుంది. పూర్వం పోర్ట్‌ను లార్‌బోర్డ్ అనేవారు. గాలి హోరులో అది స్టార్‌బోర్డ్ లాగే వినబడేది. అందుకే బ్రిటిష్ నౌకాదళం 1844లో పోర్ట్ అనే మాటనే ఖాయం చేసింది. రాత్రిపూట పోర్ట్ వైపు ఎర్రదీపం, స్టార్‌బోర్డ్ వైపు ఆకుపచ్చ దీపం వెలుగుతాయి.

గోడ బల్క్‌హెడ్, వంటగది గ్యాలీ, మరుగుదొడ్డి హెడ్. ఈ మూడూ బట్టీ పట్టేయండి, వేరే దారి లేదు.

కాపలా డ్యూటీని వాచ్ అంటారు. ‘హీ ఈజ్ ఆన్ వాచ్’ అంటే డ్యూటీలో ఉన్నాడని. పాత పద్ధతిలో ఒక్కో వాచ్ నాలుగు గంటలు. ఆ లెక్కన రోజుకు ఆరు వస్తాయి. రెండు జట్లే ఉంటే, రోజూ ఒకే జట్టుకు అర్ధరాత్రి డ్యూటీ పడుతుంది. అందుకని సాయంత్రం 4 నుంచి 8 దాకా ఉన్న వాచ్‌ను రెండు ముక్కలు చేసి, వాటిని డాగ్ వాచ్‌లు అన్నారు. మొత్తం ఏడయ్యాయి కాబట్టి వంతులు రోజూ మారతాయి. నాకు ఈ పాఠంలో బాగా నచ్చిన ఏర్పాటు ఇదే.

వార్తలు అనువదించేవాళ్లు తరచూ తడబడే మాట కెప్టెన్. నౌకాదళంలో కెప్టెన్ హోదా సైన్యంలో కల్నల్‌తో సమానం. సైన్యంలోని కెప్టెన్‌కు సమానమైనవాడు నౌకాదళంలో లెఫ్టినెంటే.

ఇక జవాబులు. ప్రశ్నకు ‘యెస్ సర్’ చాలు. ఆజ్ఞకు మాత్రం ‘ఐ ఐ సర్’ అనాలి. విన్నాను, అర్థమైంది, చేస్తాను అని మూడూ అందులోనే ఉన్నాయి.

అభ్యాసం: డెక్ మీద కిందికి దిగే ద్వారం హ్యాచ్. అధికారి ‘ఈజ్ ద హ్యాచ్ షట్?’ అన్నాడు, తర్వాత ‘షట్ ద హ్యాచ్!’ అన్నాడు. రెండిటికీ జవాబులు పైకి చదువుతూ రాయండి. వచ్చే పాఠంలో తీరసెలవు, పారిపోవడం, తిరుగుబాటు మాటలు చూద్దాం.